గుడి ద్వారం అనుకున్న రాళ్లు తూమని ఎలా తేలింది: ఒక కేస్ స్టడీ

ఊళ్లలో మిగిలిన పాత రాతి కట్టడాల్ని నమోదు చేయడం నా పని. మధ్యయుగపు చెక్కిన రాయి ఎక్కడ కనబడ్డా ముందు "శిథిల ఆలయం" అని రాసేయడం మన రంగంలో బాగా అలవాటైపోయింది. ఆ ఒక్క మాటతో చెరువుల పని, గానుగలు, ఊరి కట్టుబాట్ల గురించి చెప్పాల్సిన రాళ్లన్నీ గుడి ఖాతాలో పడిపోతున్నాయి. గుడి ద్వారం అనుకున్నది చెరువు నీళ్లను పొలాలకు వదిలే తూమని తేలిన ఈ కేసు అందుకే రాస్తున్నాను. ఊరి పేరు, సర్వే నంబర్లు, మనుషుల పేర్లు కావాలనే తీసేశాను, కారణం కింద వస్తుంది.

నేపథ్యం

పాత వరంగల్ జిల్లా వైపు ఒక ఊరు. ఊరికి దూరంగా వరి పొలాల మధ్య రెండు రాతి కంబాలు, వాటి మీద అడ్డంగా ఒక దూలం. కంబాలు మనిషి ఎత్తుకు కాస్త పైన. దూలం మధ్యలో గజలక్ష్మి బొమ్మ, బాగా అరిగిపోయింది గానీ రెండు వైపులా తొండాలెత్తిన ఏనుగుల్ని వేలితో తడిమితే తెలుస్తుంది. అక్కడికి కొంచెం దూరం నుంచి పొలం గట్ల వెంబడి పెద్ద పెద్ద రాళ్లు ఒక వరసలో కనబడతాయి, అక్కడక్కడ తెగిపోయి మళ్లీ మొదలవుతాయి. చుట్టుపక్కల ఎక్కడా చెరువు లేదు, కుంట లేదు. బోర్ల మీదే సేద్యం.

పాత జాబితా ఒకదాంట్లో ఇది "శిథిల ఆలయ ద్వారం, ప్రాకార అవశేషాలు" అని ఒక్క వాక్యంలో ఉంది. అలా రాసినవాళ్లది తొందరపాటు అని నేననను. కాకతీయుల కాలపు గుళ్లలో ద్వారబంధం పై దూలం నడుమ గజలక్ష్మి ఉండటం మామూలే. రెండు కంబాలు, పైన దూలం, దాని మీద గజలక్ష్మి, పక్కన రాళ్ల వరస ఉంటే ఎవరికైనా గుడే తోస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం వాటిని ఉయ్యాల కంబాలంటారు, దేవుణ్ణి ఊపేవాళ్లట.

మమ్మల్ని ఎందుకు పిలిచారు

ఊరి గుడిని బాగుచేయిద్దామని కమిటీ చందాలు పోగుచేసింది. ఆ పొలంలోని "పాత ద్వారం" తెచ్చి కొత్త గుడి ముందు నిలబెడదామన్నారు. పొలం రైతుకూ అదే మేలు, దున్నేటప్పుడు ట్రాక్టరు చుట్టూ తిప్పుకోవాల్సిన బాధ పోతుంది. అందరికీ ఇష్టమైన పనే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. క్రేన్ పెట్టే ముందు ఒకసారి కొలతలు, ఫోటోలు తీసి రికార్డు చేయమని మమ్మల్ని అడిగారు, అంతే. అంటే మా ముందుకొచ్చిన ప్రశ్న "ఇది ఏమిటి" అన్నది కాదు. ఏమిటో అందరూ ఖాయం చేసుకున్నాక వచ్చిన పని.

కొలతలు తీస్తుంటేనే మొదటి చిక్కు వచ్చింది. రెండు కంబాల మధ్య దూరం చాలా తక్కువ, మనిషి కాస్త పక్కకు తిరిగి దాటాలి. ఉత్సవ విగ్రహం, పల్లకీ సంగతి అటుంచి, చేతిలో బిందె పట్టుకున్న మనిషి కూడా సుఖంగా వెళ్లలేని ద్వారం ఎవరు కడతారు? పైగా దూలం అడుగు భాగంలో, గజలక్ష్మి బొమ్మకు వెనకగా, జానెడు వెడల్పున గుండ్రటి రంధ్రం ఒకటి కింది నుంచి పైదాకా నిలువుగా తొలిచి ఉంది. దాని గురించి పాత జాబితాలో ఒక్క మాట లేదు.

అక్కడ ఒక నిర్ణయం తీసుకున్నాం. కొలతలు ఇచ్చేసి వెళ్లిపోవచ్చు, అడిగింది అంతే కదా. కానీ రాళ్లు ఒకసారి కదిలిస్తే ఆ రంధ్రం దేనికి ఎదురుగా ఉందో, దేని పైన ఉందో చెప్పడం ఇక ఎవరివల్లా కాదు. రాయి ఎక్కడ నిలబడిందన్నదే సగం సాక్ష్యం. కమిటీ పెద్దలతో మాట్లాడి, కోతలయ్యేదాకా క్రేన్ ఆపమని అడిగాం. ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగానే.

ముందుగా గుడి అనే మాటనే పరీక్షించాం

గుడే అయితే ఏమేం ఉండాలో రాసుకుని వెతికాం. ద్వారానికి గడప రాయి ఉండాలి, తలుపు తిరిగే గుంతలు పైనా కిందా ఉండాలి, కంబాల లోపలి అంచున తలుపు ఆనే గాడి ఉండాలి. ఒక్కటీ లేదు. అధిష్ఠానం (గుడి పునాది పీఠం) రాళ్లు, ఇటుక ముక్కలు, విరిగిన విగ్రహాలు, దీపస్తంభం లాంటివేమైనా దున్నిన చేలో పైకి తేలుతాయని వరసలు కట్టుకుని నడిచాం. కొన్ని కుండ పెంకులు తప్ప ఏమీ దొరకలేదు.

మిగిలింది ప్రాకారం అని రాసిన రాళ్ల వరస. గుడికి బలమైన ఆధారం అదే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాం. ప్రాకారం గోడ అన్నాక రెండు ముఖాలుంటాయి, లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి నింపుతారు. ఇక్కడ రాళ్ల చదును ముఖాలన్నీ ఒక్క వైపే ఉన్నాయి, రెండో వైపు ఉత్త మట్టి. గోడ నిలువుగా లేదు, ఏటవాలుగా వెనక్కి ఒరిగి ఉంది. పైగా అది మూల తిరగడం లేదు, విల్లులా కొద్దిగా వంగుతూ పోయింది. మట్టికి ఒక వైపు మాత్రమే రాయి పేర్చాల్సిన అవసరం ఎక్కడ వస్తుందంటే, నీళ్లు తాకే చోట. అలలకు కట్ట కోసుకుపోకుండా లోపలి వాలున పేర్చే రాతి కట్టడం సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఊరివాళ్లు చెప్పిన ఉయ్యాల మాటను, తులాభారం కంబాలేమో అన్న ఆలోచనను కూడా కొట్టిపారేయలేదు. హంపిలో విఠలాలయం దగ్గర రాజు తులాభారం తూగిన కంబాలు చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. కానీ అక్కడ దూలం అడుగున తాడు, గొలుసు తగిలించడానికి కొక్కేల్లాంటి రాతి వలయాలున్నాయి. మా దూలానికి ఉన్నది ఇటు నుంచి అటు దూసుకుపోయే రంధ్రం, వేలాడదీయడానికి ఆధారమేమీ లేదు. ఏదైనా వేలాడదీస్తే తాడు పైన ముడి వేయాలి, ఆ ముడి ఒరిపిడి పై అంచున కనబడాలి. పై అంచున ఉలి దెబ్బలు ఇంకా పదునుగానే ఉన్నాయి.

అరుగుదల ఉన్నది రంధ్రం లోపల. మొబైల్ టార్చి పక్క నుంచి వేసి చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. ఒక పక్క గరుకుగా ఉలి గాట్లు, ఎదుటి పక్క అద్దంలా నున్నగా. పొడవాటిది ఏదో ఆ రంధ్రంలో ఏళ్ల తరబడి పైకీ కిందికీ ఆడింది, ఆడినప్పుడల్లా ఒకే వైపుకు ఒరిగింది.

అక్కరకు రానివి

తూము అయ్యుంటుందన్న అనుమానం అప్పుడే వచ్చింది, కానీ అనుమానం రిపోర్టులో రాయలేం. రుజువు కోసం చేసిన పనుల్లో చాలా వరకు ఏమీ తేల్చలేదు. అవి కూడా చెప్తాను, ఎందుకంటే ఇలాంటి కేసు చేతికొచ్చినప్పుడు ఎవరైనా ముందుగా చేసేవి అవే.

శాసనం కోసం వెతికాం. చెరువు కట్టించినవాళ్లు కట్ట మీదో, తూము దగ్గరో, దగ్గరి గుడిలోనో శాసనం వేయించడం ఉంది. ఇక్కడ దొరకలేదు.

రెవెన్యూ రికార్డు తిరగేశాం. చెరువుంటే మునక భూమి శిఖం అని రాసి ఉండాలి. నిజాం కాలపు సేత్వార్‌లోనూ (తొలి సర్వే భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీలోనూ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) ఆ పొలాలన్నీ పట్టా భూములే. మా టీంలో ఒకరికి దీంతో చెరువు అనే ఆలోచనే పోయింది. నా వాదన వేరు: సర్వే జరిగేనాటికే చెరువు తెగిపోయి, భూమి సాగులోకి వచ్చేసి ఉంటే రికార్డులో శిఖం ఎందుకుంటుంది? రికార్డు మౌనంగా ఉందంటే ఆ రికార్డు పుట్టేనాటికి చెరువు లేదని అర్థం, అంతకుముందు కూడా లేదని కాదు. ఇటూ అటూ తేలక ఆ ప్రశ్న అలా ఉండిపోయింది.

డ్రోన్ ఎగరేస్తే పచ్చటి వరి తప్ప ఏమీ రాలేదు. అమెరికావాళ్ల కరోనా గూఢచారి ఉపగ్రహాలు 1960 నుంచి 1972 దాకా తీసిన చిత్రాల్ని 1995లో అందరికీ తెరిచారు, బోర్లు, లేజర్ చదును రాకముందు నేల ఎలా ఉండేదో చూడటానికి అవి బాగా అక్కరకొస్తాయి. మా ఊరి మీద ఒక మసక చార కనబడింది. చూడాలనుకున్నవాడికి కట్ట, వద్దనుకున్నవాడికి బండ్లదారి. అంతకంటే ఎక్కువ దాన్ని సాగదీయలేదు.

ఎక్కడ తేలింది

కోతలయ్యాక మళ్లీ వెళ్లినప్పుడు పద్ధతి మార్చాం. కంబాల్ని వదిలేసి నేలను చదవడం మొదలుపెట్టాం. ఇందులో మాకు దారి చూపింది కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో వేయించింది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో 12 అంగాలు, ఏవి ఉండకూడదో 6 దోషాలు అందులో చెప్పారు. కట్టకు రెండు కొసల గుట్టల ఆసరా, గట్టి నేల, కింద సాగుకు చదునైన భూమి, దగ్గర్లో పొడవాటి తిన్నని రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషులు ఉండాలంటుంది. ఆ చెరువు పనిలో రోజూ 1000 మంది కూలీలు, రాతి పనికి 100 బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా ఉంది. వందల మైళ్ల దూరంలో, వేరే రాజ్యంలో వేసిన శాసనంతో మా ఊరి రాళ్ల కాలం తేలదు, నిజమే. కానీ అది పని తెలిసినవాళ్ల జాబితా, దాన్ని చేతిలో పట్టుకుని పొలంలో నడవొచ్చు.

నడిచాం. రాళ్ల వరసను రెండు వైపులా పొడిగిస్తే రెండు కొసలూ రెండు చిన్న గుట్టలకు ఆనాయి. ఒక గుట్ట వెనక బండ మీద మేకులు దించి రాయి చీల్చిన గాట్లు వరసగా ఉన్నాయి. ఆటో లెవెల్ (నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పెట్టి ఎత్తులు తీస్తే, ఆ వరసకు ఎగువన పళ్లెంలా నేల దిగుతూ వచ్చింది, దాంట్లో అన్నిటికంటే పల్లపు చోటికి దగ్గరగా, రాళ్ల వరసకు లోపలి పక్కనే కంబాలున్నాయి. వరస నడుమ ఒక పెద్ద ఖాళీ, ఇప్పుడు వాన నీళ్లన్నీ అటే పోతాయి. గండి పడిన చోటు అదే.

మట్టి కూడా అదే చెప్పింది. ఎగువన ఒక రైతు తవ్వించుకున్న ఫాంపాండ్ (పొలంలో నీటి గుంట) గోడ చూస్తే సన్నటి నల్లటి ఒండ్రు పొరలు పొరలుగా ఉంది, మధ్యమధ్యలో నత్తగుల్లలు. దిగువన పైపు కోసం తీసిన కందకంలో గరుకు ఎర్రమట్టి, ఒక్క పొర కూడా లేదు. వరసకు అటొక నేల, ఇటొక నేల.

ఆ పైపు కందకమే కేసును ముగించింది. పొలం రైతు బోరు పైపు మార్చుకుంటూ కంబాల పక్క నుంచి తవ్వాడు, నడుము లోతున గడ్డపారకు బండ తగిలింది. ఫోన్ చేశాడు. మేం వెళ్లి ఒక్క చిప్ప మట్టి కూడా తియ్యలేదు, తవ్వకానికి లైసెన్సు కావాలి, అది లేకుండా ముట్టుకుంటే దొరికినదాని విలువే పోతుంది. పురావస్తు శాఖవాళ్లకు కబురు పెట్టి, వాళ్లొచ్చాక రైతు తీసిన మేరకు అంచు శుభ్రం చేశాం. కంబాల మొదళ్ల మధ్య పరిచిన బండ, దాని నడిమిలో గుండ్రటి రంధ్రం, కిందంతా బోలు.

తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే తూకం గుండు తెప్పించి పై దూలం రంధ్రం నడిమి నుంచి వదిలాం. ఊగి ఊగి నిలబడ్డాక గుండు మొన కింది రంధ్రం నడిమిలోనే ఆగింది. కమిటీ పెద్దలు కూడా అక్కడే ఉన్నారు, కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

తూము పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కింది బండ రంధ్రానికి వాష్‌బేసిన్ బిరడాలా చెక్క గుండు బిగిస్తారు, దానికి పొడవాటి గడ ఉంటుంది, ఆ గడ పైన దూలం రంధ్రంలోంచి వస్తుంది. గడ ఎత్తితే నీళ్లు కింద రాతి కాలువలో పడి కట్ట కిందుగా ఆయకట్టుకు పోతాయి. ఎంత ఎత్తితే అంత నీరు. పూడిక నిండాక కింది సగం భూమిలో కలిసిపోయింది, కట్ట చదునై పొలంలో కలిసింది, పైకి మిగిలిన సగమే ద్వారంలా కనబడుతోంది. రామప్ప, పాకాల లాంటి పెద్ద చెరువుల్ని అందరూ చూస్తారు గానీ ఊరి చెరువుల చిన్న తూముల్ని తీరిగ్గా చూసేవాళ్లు తక్కువ. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయడంతోపాటు తూములు, మత్తళ్ల (నిండిన చెరువు మిగులు నీరు పొర్లిపోయే చోట్ల) మరమ్మతు కూడా జరిగింది. చెరువులకు అది అవసరమైన పనే, అయితే ఆ పనికి ముందు పాత రాతి తూముల్ని ఫోటో తీసి పెట్టుకున్న చోట మాత్రమే ఇప్పుడు మనకు పోల్చుకోవడానికి ఏమైనా ఉంది.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. రంధ్రంలో అరుగుదల ఒక్క పక్కే ఎందుకుంది? దీనికి జవాబు నీరటి పని (చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని) చేసిన పక్కూరి పెద్దాయన దగ్గర దొరికింది. రంధ్రంలో చెయ్యి పెట్టి నిమిరి, "గడ లేపెటోడు కట్ట దిక్కు నిలబడి తన దిక్కే గుంజుకుంటడు సారూ, గా పక్కనే రాస్కపోతది" అన్నాడు. నున్నగా ఉన్న పక్క కట్ట వైపుదే. గజలక్ష్మి కూడా అటే చూస్తోంది, కట్ట మీద నడిచేవాళ్లకు కనబడేలా. పొలాల మధ్య వేపచెట్టు కింద పసుపు పూసిన కట్టమైసమ్మ, అంటే చెరువు కట్టను కాచే దేవత, ఎందుకుందో కూడా అప్పుడు అర్థమైంది, రాళ్ల వరస సరిగ్గా అటుగానే పోతుంది.

ఊళ్లో చెప్పడం

నిజం చెప్పాలంటే కష్టమంతా ఇక్కడే పడ్డాం. గుడి కమిటీ తొందరగానే సర్దుకుంది, తూకం గుండు వాళ్ల కళ్లముందే ఆగింది కాబట్టి. లక్ష్మి ఎక్కడున్నా లక్ష్మేనని ఒక పెద్దమ్మ అంది, అంతటితో ఆ చర్చ ఆగింది. పసుపు కుంకుమ ఇదివరకులాగే పెడుతున్నారు, పెట్టొద్దని మేం అనలేదు, అనకూడదు కూడా.

రైతులు మాత్రం భయపడ్డారు. "ఇది చెరువు అని మీరు కాయితంల రాస్తే రేపు మా భూమి శిఖం అంటరు, ఎవరు జవాబిస్తరు?" అని ముఖం మీదే అడిగారు. ఆ టెన్షన్ న్యాయమైంది. తరాలుగా దున్నుకుంటున్న పట్టా భూమి మీద మా రిపోర్టు ఒక మచ్చగా పడకూడదు. అంతకుముందు మమ్మల్ని తికమక పెట్టిన రెవెన్యూ రికార్డే ఇక్కడ ఆదుకుంది. నిజాం సర్వే నాటికే ఇది సాగుభూమి, పట్టా భూమి, చెరువు అంతకుముందే తెగిపోయింది అని రిపోర్టు మొదటి పేజీలోనే ఆధారాలతో రాశాం. బయటికిచ్చే కాపీలో సర్వే నంబర్లు, మ్యాపు లేవు. ముసాయిదా ఊళ్లో చదివి వినిపించి, వాళ్లు చెప్పిన రెండు చోట్ల వాక్యాలు మార్చాక సమర్పించాం.

కాలం విషయంలో ఇంకో పట్టుదల. ఊరంతా, శాఖలో కొందరు కూడా "కాకతీయుల తూము" అని రాయమన్నారు. రామప్ప చెరువు, గుడి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడి కాలానివి, గుడి శాసనం 1213 నాటిది, అలాంటి చోట పేరు రాయొచ్చు. ఇక్కడ శాసనం లేదు, ఈ రకం తూము శతాబ్దాల పాటు కట్టారు, పాడైతే పాత రాళ్లతోనే మళ్లీ కట్టారు. పోలికను బట్టి రాజవంశం పేరు రాస్తే అది రేపు ఇంకొకరి రిపోర్టులో రుజువై కూర్చుంటుంది. "మధ్యయుగపు రాతి తూము, కాలం నిర్ధారించలేదు" అనే ఉంచాం.

ఈ కేసు తర్వాత మా పనిలో మారినవి

ఒంటరి రాయి దగ్గర ఇప్పుడు మేం ముందు అడిగేది, దీనిలో భూమిలో ఉన్న భాగం ఎంత అని. పైకి కనబడేది సగమే అయితే సగం మీద పేరు పెట్టకూడదు. బొమ్మకంటే ముందు అరుగుదల చూస్తాం, శిల్పి ఏం చెక్కాడో బొమ్మ చెప్తుంది, జనం దాన్ని ఎలా వాడారో చెప్పేది ఒరిపిడే. నమోదు ఫారంలో "ఏమిటి" అనే గడిని ఆఖరికి మార్చాం, దిక్కు, వాలు, మట్టి, చుట్టూ ఉన్నవి నింపాకే అక్కడికి రావాలి. ఊళ్లో ఎవర్ని అడగాలన్నదీ మారింది. కథలు పెద్దవాళ్లకు తెలుస్తాయి, వాటి విలువ వాటిది, కానీ వస్తువు ఎలా పనిచేస్తుందో ఆ పని చేసిన చేతులకే తెలుస్తుంది, కాబట్టి నీరటి, తాపీమేస్త్రీ, గానుగ ఆడించినవాళ్లు, రాతిపని చేసే వడ్డెరలు ఎవరున్నా మొదటి వారంలోనే వాళ్లను పొలానికి తీసుకెళ్తున్నాం.

రైతు తన పైపును ఒక బార పక్కకు జరుపుకున్నాడు, కందకం మళ్లీ పూడ్చాడు. శాఖ జాబితాలో పాత వాక్యం కొట్టేసి "తెగిన చెరువు, రాతి తూము" అని చేర్చారు. మత్తడి ఎక్కడుండేదో ఇంకా తేలలేదు. తూర్పు గుట్ట కొసన బండను చదునుగా చెక్కినట్టున్న చోటొకటి ఉంది, అక్కడ ఇప్పుడు పత్తి వేశారు, ఏరడం అయ్యాక చూడాలి.